ఆడే ఇంజను రైజు కాకపోతే
(సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం పాఠం)



పోయిన నెల ఇదే వేదిక మీద అన్నమయ్య కీర్తనల గురించి చక్కని ఉపన్యాసం విన్నాము. ఆ వెంటనే గ్రీజు చేతులతో మేము వచ్చి మోటారు ఇంజను పురాణం విప్పటం కొందరికి రుచించకపోవచ్చును. కాని మమ్మల్ని మాట్లాడమని కోరినవారే ఈ విషయం చెప్పమన్నారు. అందుచేత తప్పు ఏదయినా ఉంటే సగం వారిది.

మన బరంపురంలో తెలుగు కుటుంబాల వాకిళ్ళలో ఇప్పటికీ కొన్ని అంబాసిడరు కార్లు ఉన్నవి. కొన్ని తిరుగుతున్నవి, కొన్ని గుడ్డకప్పుకొని నిద్రపోతున్నవి. హిందూస్తాన్ మోటార్స్ వారు ఇంగ్లీషు మోరిస్ ఆక్స్‌ఫర్డు కారు మూసలో ఉత్తరపాడాలో 1957-58 ప్రాంతాల మొదలుపెట్టి, 2014 మే నెలలో ఆపివేసిన బండి అది. ఈ బండ్లలోనే మనవాళ్ళు ఇచ్ఛాపురానికీ, సోంపేటకూ, పలాసకూ పెళ్ళిళ్ళకు వెళ్ళారు. పురుళ్ళకు ఆడపిల్లలను తెచ్చారు. పెద్దలను ఆసుపత్రులకు చేర్చారు. కొన్నవారు చాలామంది వెళ్ళిపోయారు. బండి మాత్రం మిగిలింది. దానిని బాగుచేయటం తెలిసిన పాత మేస్త్రీలు కూడ ఒక్కొక్కరే తప్పుకున్నారు. ఇప్పటి కుర్రవాళ్ళు తెలివైనవాళ్ళే, కాదనము. అయితే వాళ్ళు నేర్చిన విద్యలో బండికి ఒక యంత్రం తగిలిస్తే అదే జబ్బు పేరు చెబుతుంది. మన బండికి ఆ యంత్రం తగిలించే చోటు లేదు. కాబట్టి తెలియని ప్రతి జబ్బుకూ ఒకటే తీర్పు వస్తున్నది: “ఇంజను అయిపోయిందండీ, బోరు చేయించాలి.” ఆ ఖర్చు వినగానే ఇంటివారు పాత ఇనుము వ్యాపారికి కబురు పెడుతున్నారు.

మాలో పాత బండ్లున్న ఐదారుగురం ఆదివారాలు ఒకచోట చేరి, ఒకరి బండి ఒకరం చూసుకుంటూ ఉంటాము. మేము మెకానిక్కులము కాము. బడిపంతులు, రైల్వేలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవారు, మందుల కొట్టు యజమాని, ఇటువంటివాళ్ళము. మా దగ్గరకు ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఒకటి ఉన్నది. “బండి స్టార్టవుతుంది. స్లోలో చక్కగా నిలబడుతుంది. కాలు వేస్తే మాత్రం లేవదు. రైజు కాదు.” ఈ రోజు ఆ ఒక్క ఫిర్యాదు గురించే మాట్లాడతాము.

ముందుగా ఒక మాట గట్టిగా చెప్పదలచుకున్నాము. స్లోలో నిలకడగా ఆడటం అన్నది ఇంజను తన తరఫున తాను ఇచ్చుకునే సాక్ష్యం. పిస్టను రింగులు అరిగి, సిలిండర్లు వదులై, బిగువు పోయిన ఇంజను మొదట చెడేది స్లోలోనే. తక్కువ వేగంలో గాలి కారిపోవటానికి వ్యవధి ఎక్కువ. అందుచేత అది వణుకుతుంది, ఆగిపోతుంది, పొద్దున్నే స్టార్టు కావటానికి మొరాయిస్తుంది, వెనుక నీలి పొగ విడుస్తుంది. ఇవేవీ లేకుండా కుదురుగా ఆడుతూ, కాలు వేసినప్పుడు మాత్రమే చతికిలబడే ఇంజనుకు బోరు చేయించమనటం, నడవగలిగి పరుగెత్తలేనివాడికి గుండె కోయమన్నట్లు ఉంటుంది. ముందు వాడి చెప్పులో ముల్లున్నదేమో చూడవద్దా? అదేవిధంగా, కార్బురేటరు దిగువను గాస్కెట్టు పోయి దొంగగాలి పీల్చుకుంటున్నదని కొందరు అంటారు. దొంగగాలి కూడ స్లోనే ముందు పాడుచేస్తుంది. స్లో బాగున్నదంటే ఆ అనుమానాన్ని కూడ జాబితాలో అడుగుకు నెట్టవచ్చును.

మరి స్లోలో ఆడటానికీ, రైజు కావటానికీ ఇంజనుకు కావలసిన వాటిలో తేడా ఏమిటి? కాస్త లెక్క వేద్దాము. లీటరుకు 12 కిలోమీటర్లు ఇచ్చే బండి గంటకు 60 కిలోమీటర్ల వేగాన పోతుంటే గంటకు 5 లీటర్ల పెట్రోలు తాగుతుంది. అదే బండి వాకిట్లో స్లోలో నిలబడి ఆడితే గంటకు లీటరు కూడ తాగదు. ఇక నిప్పు సంగతి. నాలుగు సిలిండర్ల ఇంజనుకు ఒక్కొక్క చుట్టుకు రెండు నిప్పురవ్వలు కావాలి. నిమిషానికి 800 చుట్లు తిరిగే స్లోలో 1600 రవ్వలు చాలును. 4000 చుట్లకు పోతే 8000 రవ్వలు కావాలి. అంటే సెకనుకు 133. స్లోలో ఒక రవ్వకూ మరొక రవ్వకూ నడుమ సుమారు 37 మిల్లీసెకన్ల వ్యవధి ఉంటే, అక్కడ 7న్నర మిల్లీసెకన్లే మిగులుతున్నవి. ఆ లోపలే కాయిలు నిండవలెను, పాయింటు విడిపోవలెను, రవ్వ దూకవలెను. కాబట్టి స్లోలో బయటపడని లోపమంతా ఇక్కడ బయటపడుతుంది. పెట్రోలు చాలకపోవటం, గాలి చాలకపోవటం, నిప్పు చాలకపోవటం, పొగ పోవటానికి దారి చాలకపోవటం. ఇంతకు మించి కారణాలు అరుదు.

స్పానరు పట్టుకొనే ముందు బండి ఎలా మొరాయిస్తున్నదో చూడండి. వైద్యుడు నాడి పట్టుకున్నట్లు ఇక్కడే సగం రోగం తెలుస్తుంది. బండిని ఆరుబయట నిలపండి. మూసిన షెడ్డులో ఇంజను ఆడించకూడదు. ఆ పొగ మనిషిని నిద్రలోనే తీసుకుపోతుంది. హ్యాండు బ్రేకు వేసి, గేరు న్యూట్రలులో ఉంచి, చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టి, ఒకరు సీట్లో కూర్చోవలెను, ఒకరు బానెట్టు దగ్గర నిలబడవలెను.

కాలు మెల్లగా వేస్తే లేస్తూ, ఒక్కసారిగా వేస్తేనే చతికిలబడుతున్నదా? అది ఆ క్షణానికి కావలసిన పెట్రోలు అందని సంగతి. నాలుగైదు సెకన్లు బాగా లేచి, పిమ్మట నీరసించి, కాసేపు ఊరుకుంటే మళ్ళీ నాలుగైదు సెకన్లు లేస్తున్నదా? కార్బురేటరు తొట్టిలో నిలవున్న పెట్రోలు అయిపోతున్నది, పంపు దానిని నింపలేకపోతున్నది. ఎప్పుడు వేసినా ఒక్క తీరున అసలు లేవకపోతే, అడ్డు తొట్టికి ఇవతలనే ఉన్నది. కార్బురేటరులోంచి తుమ్మినట్లు మంట వెనక్కి కొడితే పెట్రోలు తక్కువ. సైలెన్సరులో టపాకాయ పేలినట్లు పేలితే, పెట్రోలు అందుతున్నది కాని కాలటం లేదు, నిప్పును అనుమానించాలి. తడబడుతూ, ఎగశ్వాసతో చస్తే సాధారణంగా పెట్రోలు. దీపం ఊదినట్లు ఠపీమని ఆగితే కరెంటు. ఈ చివరి రెండు గుర్తులనూ జ్ఞాపకం ఉంచుకోండి, వాటితో మళ్ళీ పని ఉన్నది.

చోకు పరీక్ష కూడ అప్పుడే చేయండి. కాలు వేసి, చోకు సగం లాగండి. ఇంజను పుంజుకుంటే అది పెట్రోలుకు మొహం వాచి ఉన్నదన్నమాట. ఇంకా కుంగిపోతే పెట్రోలు చాలకపోవటం కాదు. వేరే చోట వెతకాలి.

ఇప్పుడు బానెట్టు వైపు నిలబడినవారు చేయవలసిన పని. ఇంజను ఆపి, సీట్లోని వారిని యాక్సిలరేటరు పూర్తిగా తొక్కమని, కార్బురేటరు మీద ఉన్న లీవరు నిజంగా పూర్తిగా తిరుగుతున్నదో లేదో కళ్ళారా చూడాలి. నవ్వవద్దు. కొత్త మందపాటి తివాచీ పరిచిన బండిలో పెడలు సగమే దిగుతుంది. కడ్డీల కీళ్ళు అరిగి, కాలు పోయినంత దూరం లీవరు పోదు. గాలి ఫిల్టరు విప్పి పక్కన పెట్టి ఒకసారి చూడండి. ఎలుకలు గూడు కట్టిన ఫిల్టర్లను మేము చూశాము. ఏడాదిగా నిలిచిన బండి అయితే ఇది తప్పక చూడవలసినదే.

పిమ్మట పెట్రోలు దారి. దీనికి ముందు ఒక హెచ్చరిక. పెట్రోలు గొట్టం విప్పే చోట దీపం, అగరువత్తి, కర్పూరం, చుట్ట, ఏదీ ఉండరాదు. దసరాకు బండికి పూజచేసి, నిమ్మకాయ కట్టి, హారతి పళ్ళెం షెడ్డులోనే వదిలే అలవాటు మనలో ఉన్నది. అమ్మవారి మీద భక్తి మాకూ ఉన్నది, అయినా ఆ పళ్ళెం ముందు ఇంట్లోకి పంపండి.

ఇంజను చల్లగా ఉన్నప్పుడు కాయిలు తీగ తీసివేసి, కార్బురేటరుకు వచ్చే గొట్టం విప్పి, కొసను సీసాలో పెట్టి, హ్యాండిలు తిప్పించండి. పంపు కొట్టే ప్రతి దెబ్బకూ పెట్రోలు చిమ్మవలెను. బొట్లు బొట్లుగా కారితే స్లోకు సరిపోతుంది కాని పరుగుకు చాలదు. అప్పుడు టాంకు మూత తీసి మళ్ళీ చూడండి. మూతలో గాలి పోయే సన్నని రంధ్రం మూసుకుపోతే, పెట్రోలు తగ్గినకొద్దీ టాంకులో శూన్యం ఏర్పడి పంపు లాగలేదు. మూత తీయగానే ఉస్సుమని గాలి పీల్చుకున్న శబ్దం వస్తే దొంగ దొరికినట్లే. మూతతో నిమిత్తం లేకపోతే ఎ.సి. పంపు లోపలి డయాఫ్రం, దాని గిన్నెలోని జల్లెడ, టాంకునుంచి వచ్చే గొట్టాలు వరుసగా చూడాలి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు ఆరుబయట తడిసిన బండ్లు మన ఊళ్ళో తక్కువేమీ కాదు. అరిగిన మూతగుండా టాంకులో చేరిన నీరు అడుగున కూర్చుని తుప్పు పెంచుతుంది. ఆ తుప్పు పొడి ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా వచ్చి జల్లెడలో పేరుకుంటుంది.

గొట్టాల మాట వచ్చింది కనుక ఇథనాలు సంగతి ఇక్కడే చెప్పాలి. 2025 నాటికి మన దేశంలో బంకుల పెట్రోలులో నూటికి 20 పాళ్ళు ఇథనాలు కలపటం సాధారణమయింది. మన బండ్ల రబ్బరు ఈ సారాయిని ఎరగనిది. పాత రబ్బరు గొట్టం పైకి నిగనిగలాడుతూ లోపల ఉబ్బి, దారి ఇరుకు చేస్తుంది. పంపు గట్టిగా లాగినప్పుడు మెత్తబడిన గొట్టం పెదవులు మూసినట్లు అతుక్కుంటుంది, స్లోలో మళ్ళీ తెరుచుకుంటుంది. చూసినవారికి లోపం కనపడదు. ఇథనాలుకు తట్టుకొనే రకం గొట్టం అడిగి కొని, ఉన్న రబ్బరు ముక్కలన్నీ ఒకేసారి మార్చివేయటం మేలు. ఇథనాలు గాలిలోని తేమను కూడ పీల్చుకుంటుంది. అందుచేత బండిని నెలల తరబడి నిలిపేవారు ఆ పెట్రోలునే మళ్ళీ వాడాలని పట్టుపట్టరాదు.

ఇక కార్బురేటరు. మన అంబాసిడర్లలో రెండు జాతులున్నవి. ఎస్.యు. రకం ఒకటి, సోలెక్సు రకం ఒకటి.

సోలెక్సును అర్థం చేసుకోవటానికి వ్యవసాయం తెలిసినవారికి కష్టం లేదు. దానిలో ఒక పిల్లకాలువ, ఒక పెద్దకాలువ ఉన్నవి. స్లోకు పిల్లకాలువ జెట్టు వేరే ఉంటుంది. కాలు వేసినకొద్దీ పని పెద్దకాలువ తూము మీద, అంటే మెయిన్ జెట్టు మీద పడుతుంది. ఆ తూము రంధ్రం మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, అంతే. జెట్టు మీద చెక్కిన అంకె మిల్లీమీటరులో నూరో వంతులు. 120 అంటే 1.20 అన్నమాట. ఆవగింజలో సగం నలక వచ్చి కూర్చుంటే చాలు, పిల్లకాలువ పారుతూనే ఉంటుంది, పెద్దచేను ఎండిపోతుంది. చాలా సోలెక్సులలో మెయిన్ జెట్టు బయటినుంచే ఒక ఇత్తడి మర విప్పి తీయవచ్చును. దానిని సైకిలు పంపుతో ఊది, వెలుగుకు పట్టి చూడండి. సూదితో, పిన్నీసుతో, తీగతో మాత్రం పొడవకండి. మెత్తని ఇత్తడి, పొడిచినకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది, ఆ పిమ్మట బండి తాగే పెట్రోలుకు మీ నెలజీతం చాలదు. ఒక్కసారిగా కాలు వేసినప్పుడు మాత్రమే తడబడే సోలెక్సులో చిన్న చిమ్మే పంపు ఒకటి ఉంటుంది, దాని డయాఫ్రం చూడాలి.

ఎస్.యు. తీరు వేరు. దానికి పిల్లకాలువ, పెద్దకాలువ అన్న భేదం లేదు. ఉన్నది ఒకే జెట్టు. అందులో పైకి క్రిందికి కదిలే కోసు సూది, ఆ సూదిని మోసే ఒక పిస్టను. ఇంజను గాలి పీల్చినకొద్దీ పిస్టను తానే లేచి, గాలికీ పెట్రోలుకూ కలిసి దారి వదులుతుంది. మా కంటికి ఇంతకన్న ముచ్చటైన పనితనం బండి మొత్తంలో లేదు. అయితే పిస్టను అడుగున అంటుకుపోయినదనుకోండి. స్లోకు కావలసిన గాలి ఎలాగూ కొంచెమే కనుక ఇంజను హాయిగా ఆడుతుంది. కాలు వేస్తే పిస్టను లేవదు, గొంతు విడవదు. పరీక్ష సులభం. ఫిల్టరు తీసి, ఇంజను ఆపి, వేలితో పిస్టను పైకెత్తి వదలండి. “టక్” మని లోహపు చప్పుడుతో అడుగుకు పడవలెను. చప్పుడు రాకుండా నెమ్మదిగా దిగినా, మధ్యలో ఆగినా, లోపల మురికి పట్టినదనీ, లేక సూది వంగి జెట్టుకు రాసుకుంటున్నదనీ గ్రహించాలి. డోము విప్పి పెట్రోలుతో మెత్తని గుడ్డ తడిపి తుడవండి. గరుకు కాగితం తాకించవద్దు. నడినెత్తిన ఉన్న చిన్న మర విప్పితే లోపల పలుచని నూనె ఉండాలి. అది ఎండిపోతే, కాలు గట్టిగా వేసినప్పుడు పిస్టను ఎగిరిపడి గాలి ఎక్కువై, బండి ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్లు ఆగి అప్పుడు లేస్తుంది. చాలామంది ఈ నూనె మాటే మరచిపోతారు.

ఇంతవరకూ పెట్రోలు. మా అనుభవంలో చాలా ఇళ్ళలో ఇక్కడే తప్పటడుగు పడుతున్నది. కార్బురేటరు కంటికి కనపడే వస్తువు. దానిని విప్పి కడిగితే పని చేసినట్లు ఉంటుంది. కాని కార్బురేటరు జబ్బని మా దగ్గరకు వచ్చినవాటిలో చాలాభాగం డిస్ట్రిబ్యూటరులో దొరికింది. కొందరు దానినే డెల్కో అంటారు. పాయింటు ఎడం ఎక్కువైతే కాయిలు నిండే వ్యవధి తగ్గుతుంది. పాయింటును మూసే రేకు స్ప్రింగు అలసిపోతే, వేగంలో అది మూసుకోకుండా గాలిలోనే ఊగుతుంది. కండెన్సరు నీరసిస్తే పాయింటు కాలి, గుంటలు పడుతుంది. ఇవన్నీ స్లోలో ఓర్చుకోదగిన లోపాలే. 1489 సి.సి. ఓవర్‌హెడ్ వాల్వు ఇంజనుకు లూకాసు పాయింటు ఎడం అంగుళంలో వెయ్యింట 14 నుంచి 16 వంతులు. గేజి పెట్టి కొలవాలి. ‘కంటి అందాజు’ అనేవారిని నమ్మవద్దు.

మన ఊరికి ప్రత్యేకమైన జబ్బొకటి ఉన్నది, గోపాలపురం ఉప్పుగాలి తెచ్చేది. వేగం పెరిగినకొద్దీ నిప్పు ముందుగా పడాలి. అందుకు డిస్ట్రిబ్యూటరు పొట్టలో రెండు చిన్న బరువులు, వాటికి స్ప్రింగులు అమర్చి ఉన్నవి. ఇరుసు తిరిగే వేగానికి బరువులు విచ్చుకుని, నిప్పును ముందుకు జరుపుతవి. నూనెచుక్క ఎరగని బరువులు ఉప్పుగాలికి తుప్పుపట్టి బిగుసుకుపోతే, స్లోలో ఏ లోటూ ఉండదు. కాలు వేస్తే మాత్రం నిప్పు ఆలస్యమై, ఇంజను బరువుగా, బద్ధకంగా లేస్తుంది. సైలెన్సరు గొట్టం విపరీతంగా వేడెక్కుతుంది. తప్తపాణి ఘాటు ఎక్కేటప్పుడు ఆ బండి ఉసూరుమంటుంది. మూత తీసి, రోటరును అది తిరిగే దిక్కుగా వేళ్ళతో కొంచెం మెలిపెట్టి వదలండి. తనంతట తాను వెనక్కి రావాలి. రాకపోతే అడుగు పళ్ళెం తీసి, శుభ్రంచేసి, చుక్క నూనె వేయవలసినదే.

ఇప్పుడు ఒక బండి కథ. మా సభ్యులలో ఒకరి తండ్రిగారు 1968లో కొన్న అంబాసిడరు అది. తండ్రిగారు పోయిన పిమ్మట తల్లిగారు ఒక్కటే కోరారు: సోంపేట దగ్గర తమ పుట్టింటి ఊరికి ఆ బండిలో ఒకసారి తీసుకుపొమ్మని. బండి స్టార్టయింది, స్లోలో గడియారంలా ఆడింది, వీధి మలుపు దాటలేదు. రెండు వర్కుషాపులలో చూపారు. ఒకరు కార్బురేటరు మార్చారు. రెండవవారు బోరు అన్నారు. చివరకు పాత ఇనుము వ్యాపారి ధర కట్టి, సోమవారం వచ్చి తీసుకుపోతానన్నాడు. ఆదివారం ఉదయం మమ్మల్ని పిలిచారు.

పెడలు బాగున్నది. పెట్రోలు ధారగా చిమ్మింది. చోకు లాగితే మార్పు లేదు. పిస్టను టక్కుమన్నది. తుమ్ములు లేవు, పేలుళ్ళు లేవు. కాలు కొంచెం వేయగానే దీపం ఊదినట్లు ఆగింది; కాలు తీస్తే, చక్రం ఇంకా తిరుగుతుండగానే మళ్ళీ అందుకుని స్లోలో నిలబడింది. ఎగశ్వాస లేదు కనుక కరెంటేనని అనుకున్నాము. కాని పాయింటు కొత్తది, కండెన్సరు కొత్తది. అప్పుడు మాలో ఒకరు ఒక వింత గమనించారు. మెల్లగా కాలు వేస్తే ఆగిపోతున్నది. ఒక్కసారిగా అడుగంటా తొక్కితే ఒక్క క్షణం గర్జించి, అప్పుడు ఆగుతున్నది. పెట్రోలు జబ్బుకు ఇది సరిగా తలక్రిందులు.

కారణం చెబుతాము. లూకాసు డిస్ట్రిబ్యూటరు పక్కన ఒక చిన్న డబ్బా, దానినుంచి కార్బురేటరుకు ఒక సన్నని గొట్టం ఉంటుంది. దానిని వాక్యూమ్ అడ్వాన్సు అంటారు. స్లోలో ఆ గొట్టానికి పీల్పు అందదు. కాలు కొంచెం వేయగానే పీల్పు అంది, డబ్బా లోపలి పొర లాగి, పాయింటున్న పళ్ళేన్ని కొన్ని డిగ్రీలు తిప్పుతుంది. కాలు పూర్తిగా ఒక్కసారి తొక్కితే పీల్పు పడిపోయి, పళ్ళెం క్షణకాలం తన చోటికి వస్తుంది. అంటే పళ్ళెం కదిలినప్పుడల్లా నిప్పు పోతున్నది. గొట్టం ఊడదీసి, కార్బురేటరు వైపు కొసను మూసి, కాలు వేశాము. ఇంజను లేచింది! పళ్ళేనికి వచ్చే తీగను వేళ్ళతో మెల్లగా లాగితే రబ్బరులా సాగింది. పైతొడుగు చెక్కుచెదరలేదు, లోపలి రాగి పోగులు తెగి, కొసలు ఆనుకుని ఉన్నవి. పళ్ళెం నిలకడగా ఉంటే తాకుతవి, కదిలితే విడిపోతవి. మూడంగుళాల తీగ అది. దాని స్థానంలో సన్నని పోగులు ఎక్కువగా ఉన్న మెత్తని తీగ వేశాము. గట్టి ఒంటితీగ వేస్తే రోజూ మెలితిరిగి మళ్ళీ తెగుతుంది. పళ్ళెం నుంచి డిస్ట్రిబ్యూటరు ఒంటికి కలిపే అల్లిక తీగను కూడ చూడండి; దానిదీ ఇదే తంతు. తల్లిగారు ఆ వారమే పుట్టింటికి వెళ్ళివచ్చారు. ఇనుము వ్యాపారి సోమవారం వచ్చి, మజ్జిగ తాగి వెళ్ళాడు.

పొగదారిని గురించి రెండు మాటలు. సైలెన్సరు లోపలి రేకులు తుప్పుపట్టి విరిగి అడ్డం పడినా, మట్టిగూళ్ళు కట్టే కందిరీగలు తోకగొట్టంలో కాపురం పెట్టినా, ఇంజను స్లోలో ఆడుతుంది, రైజు కాదు. వెనుక అరచేయి దూరంగా పెట్టి చూడండి. కాలు వేసినప్పుడు ఊపిరి జోరు పెరగవలెను. అనుమానం తీరకపోతే సైలెన్సరు ముందరి క్లిప్పు వదులుచేసి చూడండి. వీధివారు తిడతారు, కాని నిజం తెలుస్తుంది. ఇవన్నీ చూసిన తరువాతనే టాపెట్లు, వాల్వు స్ప్రింగులు, కామ్‌షాఫ్టు. టాపెట్ల ఎడం వెయ్యింట 15 వంతులు. కామ్‌షాఫ్టు మిట్టలు అరిగినా కూడ రైజు తగ్గటం నిజమే. అయితే అది నెలల తరబడి మెల్లగా వచ్చే నీరసం, నిన్న లేచి నేడు లేవకపోవటం కాదు.

సభ ముగిసిన తరువాత యువకులు రెండు ప్రశ్నలు అడిగారు. జవాబులు కూడ అచ్చు వేయమన్నారు.

పాయింటు తీసివేసి ఎలక్ట్రానిక్ పరికరం పెట్టవచ్చునా అని మొదటిది. పెట్టవచ్చును. పాయింటు, కండెన్సరు బాధ తప్పుతుంది. అయితే పైన చెప్పిన తీగ, బరువులు అక్కడే ఉంటవి. దారిలో అది పోతే ఇచ్ఛాపురంలో బాగుచేసేవారు దొరకరు. పాత పాయింటు పళ్ళెం, కండెన్సరు, గేజి ఒక డబ్బాలో వేసి డిక్కీలో ఉంచుకొమ్మని మా సలహా. యాభై ఏళ్ళు నిండిన బండ్లను 2021 నిబంధనల ప్రకారం వింటేజి వర్గం క్రింద రిజిస్టరు చేయించాలనుకునేవారు, బండి అసలు స్వరూపం చెడకుండా చూసుకోవటం అన్నివిధాలా మంచిది.

రెండవది, ఇథనాలు పెట్రోలుతో బండి కొంచెం నీరసంగా ఉన్నది, ఏమి చేయాలి అని. నూటికి 20 పాళ్ళ ఇథనాలు ఉన్నప్పుడు అదే గాలికి సుమారు ఏడెనిమిది శాతం ఎక్కువ పెట్రోలు కావాలి. ఎస్.యు. అయితే జెట్టు క్రింది ఆరుపలకల నట్టును ఒక్క పలక దించి చూడండి, చాలకపోతే ఇంకొక పలక. నాలుగైదు కిలోమీటర్లు నడిపి ప్లగ్గు విప్పి రంగు చూడండి. తెల్లగా ఉంటే ఇంకా చాలలేదు, నల్లని మసి పడితే ఎక్కువైంది, ఇటుక పొడి చల్లినట్లు లేత గోధుమ రంగు వస్తే అక్కడ ఆపండి. సోలెక్సు అయితే ఒకటి రెండు అంకెలు పెద్ద జెట్టు కొనవలసినదే. ఉన్నదానిని పొడిచి పెద్దది చేయవద్దని ముందే మనవి చేసుకున్నాము.